శరీరం వదులుకోగల గుర్తు

మియాపూర్ దాటి బాచుపల్లి వైపు వెళ్తే సాఫ్ట్‌వేర్ హైదరాబాద్ అయిపోయి మందుల హైదరాబాద్ మొదలవుతుంది. డాక్టర్ రెడ్డీస్ 2007లో ఇక్కడి నుంచే రెడిటక్స్ తెచ్చింది. కొన్ని రక్త క్యాన్సర్లకు వాడే రిటుక్సిమాబ్ అనే యాంటీబాడీకి ప్రపంచంలో అది తొలి బయోసిమిలర్, అంటే అసలు మందును పోలిన మందు. పెద్ద తొట్టెల్లో పెంచిన చైనీస్ హామ్‌స్టర్ కణాలు ఆ యాంటీబాడీని తయారుచేస్తాయి. అసలు మందు ధరలో దాదాపు సగానికే అమ్మారు.

రిటుక్సిమాబ్ గురి, రోగనిరోధక వ్యవస్థలోని బి కణాల పైపొర మీద ఉండే సీడీ20 ప్రొటీన్. 1980లో బోస్టన్‌లో లీ నాడ్లర్ బృందం దాన్ని గుర్తించింది. 1997లో అమెరికా అసలు మందుకు అనుమతిచ్చింది. సీడీ20 క్యాన్సర్ కణాల సొంత గుర్తేమీ కాదు. ఆరోగ్యంగా ఉన్న బి కణాల మీదా ఉంటుంది, వాటినీ ఈ మందు చంపుతుంది. కానీ ఎముక మజ్జలోని మూలకణాల మీద ఆ గుర్తు లేదు. అందుకే కొన్ని నెలల్లో కొత్త బి కణాలు పుట్టుకొస్తాయి. నా లెక్కన రిటుక్సిమాబ్ గెలుపు రహస్యం ఇదే: పోయినా శరీరం తట్టుకోగలిగినదాన్ని ఎంచుకోవడం.

థైరాయిడ్‌కూ ఆ సౌలభ్యం ఉంది. గ్రంథి మొత్తం తీసేసినా రోజుకో మాత్రతో బతకవచ్చు. 1940ల నుంచే రేడియో అయోడిన్‌తో థైరాయిడ్ క్యాన్సర్‌కు వైద్యం చేస్తున్నారు. అయోడిన్‌ను కణంలోకి చేర్చే పైపొర ప్రొటీన్ జన్యువు దొరికింది మాత్రం 1996లో. అర్ధశతాబ్దం పాటు ఏ తలుపు గుండా పోతోందో తెలియకుండానే వైద్యం సాగిందన్నమాట!

చిక్కంతా అనాప్లాస్టిక్ అనే థైరాయిడ్ క్యాన్సర్ రకంతోనే. ముదిరిన ఆ కణాలు ఈ ప్రొటీన్‌నే పోగొట్టుకుంటాయి, అయోడిన్ పనిచేయదు. వాటి మీద ఐక్యామ్-1 అనే మరో ప్రొటీన్ మాత్రం బాగా పెరుగుతుంది. అయితే అది రక్తనాళాల లోపలి పొర మీదా కాస్త ఉంటుంది, ఆ పొరను పోగొట్టుకుంటే బతకలేం. అమెరికాలో వెయిల్ కార్నెల్‌లో మూన్సూ జిన్ బృందం ఇక్కడే తెలివిగా ఆలోచించింది. క్యాన్సర్‌ను పట్టుకునేలా మార్చిన రోగనిరోధక టి కణాల (కార్-టి) పట్టును కావాలనే సడలించింది. ఐక్యామ్-1 దట్టంగా ఉన్నచోటే అవి అంటుకుంటాయి, పలచగా ఉన్నచోట జారిపోతాయి. పెట్ స్కాన్‌లో అవి ఎక్కడికి చేరాయో చూడటానికి ఇంకో గుర్తు కూడా తగిలించారు. ఏఐసీ100 పేరుతో మనుషుల మీద తొలిదశ పరీక్షలకు వెళ్లిన చికిత్స ఇదే.

బాచుపల్లి పద్ధతి దీనికి పనికిరాదు. ఒక తొట్టెలో పెంచి వేలమందికి సీసాల్లో నింపే వీల్లేదు. ప్రతి రోగి రక్తంలోంచి టి కణాలు తీసి, మార్చి, తిరిగి వారికే ఎక్కించాలి. భారత్‌లో తయారైన కార్-టికి తొలిసారి 2023లో అనుమతి వచ్చింది. ఐఐటీ బాంబేలో పుట్టిన ఆ నెక్స్‌కార్19 గురి సీడీ19, అంటే మళ్లీ బి కణాలే.