వచ్చి మాయమయ్యే మెసేజ్: టోస్ట్ నోటిఫికేషన్ సరిగ్గా చేయడం ఎలా?

ఫోన్‌లో ఏదైనా కాపీ చేయగానే కింద చిన్న మెసేజ్ వచ్చి, దానంతట అదే పోతుంది కదా. అలాంటి వాటిని టోస్ట్ అంటారు. ఆండ్రాయిడ్‌లో మామూలుగా పొట్టి టోస్ట్ 2 సెకన్లు, పొడుగు టోస్ట్ 3.5 సెకన్లు ఉంటుంది.

వెబ్ పేజీలో దీన్ని చేయడం ఈజీ. ఒక డివ్‌కి పొజిషన్ ఫిక్స్‌డ్ ఇచ్చి స్క్రీన్ అడుగున పెట్టండి. మెసేజ్ చూపించాల్సినప్పుడు దానికి ఒక క్లాస్ యాడ్ చేసి, జావాస్క్రిప్ట్‌లోని సెట్‌టైమౌట్‌తో కాసేపటికి ఆ క్లాస్ తీసేయండి. టైమ్ మిల్లీసెకన్లలో ఇవ్వాలి, అంటే 3 సెకన్లకు 3000. మెల్లగా మాయమవ్వాలంటే సీఎస్ఎస్‌లో ఒపాసిటీకి ట్రాన్సిషన్ ఇస్తే చాలు.

నేనూ ఇంతే చేసి వదిలేశాను. మా పిన్ని ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్ముతుంది. ఆమె కోసం చిన్న ఆర్డర్ పేజీ తయారుచేశా. వారం తర్వాత మా అమ్మ అందులో ఆర్డర్ పెట్టబోయింది. ఫోన్ నంబర్‌లో ఒక అంకె తగ్గింది. ఎర్రగా మెసేజ్ వచ్చింది, అమ్మ కళ్లజోడు పెట్టుకునేలోపే పోయింది. "ఏదో వచ్చిందిరా, ఆర్డర్ అయిపోయినట్టుంది" అంది. అవ్వలేదు! ఆ వారంలో ఇంకెంతమంది ఇలాగే అనుకుని వెళ్లిపోయారో.

ఆ రాత్రే ఇవి మార్చాను:

1. ఎర్రర్ మెసేజ్‌కి టైమర్ తీసేశా. తప్పు ఉన్న బాక్స్ కిందే కనిపిస్తుంది, సరిచేసేదాకా పోదు.

2. "ఆర్డర్ అందింది" లాంటి వాటికి 5 సెకన్లు ఇచ్చా. బూట్‌స్ట్రాప్ 5 టోస్ట్‌లలో డీఫాల్ట్ కూడా 5000 మిల్లీసెకన్లే.

3. కొత్త మెసేజ్ చూపించేముందు క్లియర్‌టైమౌట్ పిలుస్తున్నా. లేకపోతే పాత మెసేజ్ టైమర్ వచ్చి కొత్తదాన్ని మధ్యలోనే మాయం చేస్తుంది.

4. మెసేజ్ మీద మౌస్ పెడితే టైమర్ ఆగుతుంది, తీసేస్తే మళ్లీ మొదలవుతుంది. ఫోన్ వాడేవాళ్లకోసం క్లోజ్ బటన్ కూడా పెట్టా.

5. డివ్‌కి రోల్ స్టేటస్ అని ఇచ్చా. దీంతో చూపు లేనివాళ్ల స్క్రీన్ రీడర్ ఆ మెసేజ్‌ను చదివి వినిపిస్తుంది. ఆ డివ్ పేజీలో ముందునుంచే ఖాళీగా ఉండాలి, మెసేజ్ తర్వాత అందులో పడాలి.

ఎన్ని సెకన్లు పెట్టాలో డౌట్ వస్తే ఒక్కటి ఆలోచించండి: ఈ మెసేజ్ చదవకపోతే అవతలివాళ్లకి నష్టమా? నష్టమే అయితే దానికి టైమర్ పెట్టకండి.