కయాక్ తిరగబడితే ఏం చేయాలి? మొదటి క్లాసులో నేర్పేది అదే

సెలవు దొరికితే చాలు, హైదరాబాద్ నుంచి చాలా కుటుంబాలు వికారాబాద్ జిల్లా కోట్‌పల్లి ప్రాజెక్టుకు వెళ్తున్నాయి. నగరంలోనే దుర్గం చెరువులో కూడా కయాకింగ్ ఉంది. రంగురంగుల పడవలు కనపడగానే పిల్లలు "మేమూ ఎక్కుతాం" అని గోల చేస్తారు. ఒడ్డున ఉన్న అమ్మీ మాత్రం ఒకటే మాట అడుగుతుంది: "అది తిరగబడితే ఎట్లా?"

ఆ మాటను ఉత్త భయమని కొట్టిపారేయొద్దు. కయాకింగ్‌ను పద్ధతిగా నేర్పే చోట మొదటి పాఠం ఆ ప్రశ్న గురించే. బ్రిటన్, అమెరికాల్లో చలికాలంలో నదులు, సరస్సులు గడ్డకట్టే చల్లగా ఉంటాయి కాబట్టి చాలా క్లబ్బులు స్విమ్మింగ్ పూల్‌లోనే కొత్తవాళ్లకు క్లాసులు పెడతాయి. అక్కడ ఉన్న మన బంధువుల పిల్లలు ఇలాంటి క్లాసులకు వెళ్లొచ్చు. ఇక్కడ ఉన్న మనం కూడా పడవ ఎక్కే ముందు అందులో ఏం నేర్పుతారో తెలుసుకుంటే మంచిది.

ముందు కూర్చోవడం

కయాక్ సన్నగా, పొడవుగా ఉండే పడవ. ఆర్కిటిక్ ప్రాంతపు ఇన్యూట్ ప్రజలు వేట కోసం వాడిన తోలు పడవల నుంచి వచ్చింది. దీని తెడ్డుకు రెండు చివర్లా రెక్కలుంటాయి. కనూ అనే పడవ తెడ్డుకు ఒకవైపే ఉంటుంది.

పూల్ క్లాసులో ఎక్కువగా లోపల కూర్చునే కయాక్ ఇస్తారు. వీపు నిటారుగా ఉండాలి. పాదాలు లోపలున్న ఆనుడు మీద, మోకాళ్లు పడవ లోపలి అంచులకు ఆనాలి. కాళ్లు వదులుగా పెట్టి సోఫాలో కూర్చున్నట్టు వెనక్కి వాలితే పడవ మన మాట వినదు.

తలకిందులైతే బయటికి రావడం

టీచర్ నడుము లోతు నీళ్లలో మన పక్కనే నిలబడతారు. చెప్పి మరీ పడవను తిప్పేస్తారు. అప్పుడు చేయాల్సింది వరసగా ఇదీ:

ఊపిరి బిగబట్టి ముందుకు వంగాలి. వెనక్కి వాలితే ముఖానికి దెబ్బ తగలొచ్చు, బయటికి రావడం కూడా కష్టం. తర్వాత రెండు చేతులతో పడవ పక్కల మీద మూడుసార్లు కొట్టాలి. బయట ఉన్నవాళ్లకు అది సైగ, మన కంగారు తగ్గడానికి కూడా పనికొస్తుంది. ఆ తర్వాత నడుము దగ్గర పడవ అంచు మీద చేతులు పెట్టి, ప్యాంటు విప్పినట్టు పడవను కాళ్ల మీద నుంచి ముందుకు తోసేయాలి. లైఫ్ జాకెట్ మనల్ని పైకి తెస్తుంది. పైకొచ్చాక పడవను, తెడ్డును వదలకూడదు.

ఇదంతా కొన్ని సెకన్ల పనే. కానీ మొదటిసారి ఆ కొన్ని సెకన్లు చాలా పొడుగ్గా అనిపిస్తాయి. అందుకే అడుగు కనపడే పూల్‌లో, టీచర్ చెయ్యి అందేంత దగ్గరలో రెండు మూడుసార్లు చేయిస్తారు. నీళ్లు లోపలికి రాకుండా నడుముకు, పడవకు కలిపి బిగించే స్ప్రే స్కర్ట్ ఉంటే, దాని ముందున్న పట్టీని మొదట లాగాలి. కొత్తవాళ్లకు ముందు స్కర్ట్ లేకుండానే నేర్పుతారు.

టూరిస్టు స్థలాల్లో ఎక్కువగా పైన కూర్చునే ప్లాస్టిక్ కయాక్‌లు ఇస్తారు. అవి తిరగబడితే మనం నీళ్లలో పడతామంతే, లోపల ఇరుక్కోము. అక్కడ నేర్చుకోవాల్సింది తిరిగి ఎక్కడం. పడవను సరిచేసి, కాళ్లతో నీళ్లు తన్నుతూ ముందు పొట్ట మీద దాని పైకి రావాలి. తర్వాత తిరిగి కూర్చోవాలి, కాళ్లు చివరికి లోపల పెట్టాలి.

తెడ్డు వేయడం

కొత్తవాళ్లు భుజాలతో లాగి పది నిమిషాల్లో అలసిపోతారు. అసలు బలం నడుము తిప్పడంలో ఉంది. తెడ్డు రెక్కను పాదం దగ్గర నీళ్లలో పూర్తిగా ముంచి, తుంటి దగ్గరికి రాగానే పైకి తీయాలి. మలుపు తిరగాలంటే తెడ్డుతో ముందు నుంచి వెనకదాకా నీళ్ల మీద పెద్ద అర్ధచంద్రం గీయాలి. కుడివైపు అలా గీస్తే పడవ ఎడమకు తిరుగుతుంది.

లైఫ్ జాకెట్, బట్టలు

2021లో ప్రపంచమంతా నీళ్లలో మునిగి సుమారు 3 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. కాబట్టి జాకెట్ ఫొటో కోసం వేసుకునేది కాదు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం తయారైన దాని మీద అంకె ఉంటుంది. 50 అంటే ఈత వచ్చినవాళ్లకు, సాయం దగ్గర్లో ఉన్న చోటికి మాత్రమే. పిల్లలకు, ఈత రానివాళ్లకు 100 లేదా ఆ పైన ఉండాలి. బకిల్స్ అన్నీ పెట్టాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం దాటి పైకి వస్తే అది వదులే.

మన ఆడవాళ్ల విషయం కూడా మాట్లాడుకోవాలి. బుర్ఖా, వేలాడే దుపట్టా తడిస్తే బరువెక్కుతాయి, కాళ్లకు, పడవకు చుట్టుకుంటాయి. అట్లని మన ఇంటి అమ్మాయిలు నేర్చుకోవద్దని కాదు. ఒళ్లంతా కప్పే ఈత దుస్తులు, పిన్నులు లేని ఈత హిజాబ్ దొరుకుతున్నాయి. హిజాబ్ చివర్లు లోపలికి దోపుకోవాలి. లేడీస్ బ్యాచ్, లేడీ టీచర్ ఉన్నారా అని ముందే అడగడంలో మొహమాటం అక్కర్లేదు. శ్రీనగర్ ఆడబిడ్డ బిల్కీస్ మీర్ ఈ క్రీడలోనే ఎదిగి, కోచ్ అయి, 2024 పారిస్ ఒలింపిక్స్‌కు జ్యూరీ సభ్యురాలిగా ఎంపికయ్యారు.

పిల్లలకు ఈత నేర్పమని హజ్రత్ ఉమర్ (రజి) పేరుతో చెప్పే మాట మన ఇళ్లలో అందరూ విన్నదే. ముందు ఈత నేర్పించండి. తర్వాత వీలైతే పూల్‌లో ఒక్కసారైనా తిరగబడి బయటికి రావడం ప్రాక్టీస్ చేయించండి. చెరువు దగ్గరికి వెళ్లినప్పుడు పడవ ఇచ్చేవాళ్లను రెండు ప్రశ్నలు అడగండి: "మా సైజు జాకెట్ ఉందా? పడిపోతే తీయడానికి ఎవరొస్తారు?" సరైన జవాబు రాకపోతే ఆ రోజు ఒడ్డున కూర్చుని చాయ్ తాగి ఇంటికి రండి. పిల్లలు అలిగినా ఫర్వాలేదు.