షెడ్డు పక్కన కూరతోట: స్వీట్ కార్న్, వెళ్ళరి నారు మందు లేకుండా పెంచుకునే పద్ధతి

ఇది మంసాపురం నుంచి రాస్తున్నాం.

మల్బరీ తోట ఉన్న ఇంట్లో కూరగాయలు వేసుకోవచ్చా, అందులో స్వీట్ కార్న్, కీర దోస వేస్తే పట్టుపురుగుకి ఏమన్నా అవుతుందా అని గ్రూపులో కొందరు అడిగారు. వేసుకోవచ్చు. మేము వేస్తున్నాం. కానీ ఎలా వెయ్యాలో ఒక పంట పోగొట్టుకున్న తరువాతే మాకు తెలిసింది. మీరు పోగొట్టుకోకూడదని రాస్తున్నాం. ఇక్కడ మేము కీర దోసని వెళ్ళరి అంటాం. హిందూపురం, పలమనేరు వైపు వాళ్ళు కీర దోస అనే చదువుకోండి.

*మా పంట ఎలా పోయింది*

మొదటిసారి స్వీట్ కార్న్ గింజలు నేరుగా మల్బరీ గట్టు పక్కనే పెట్టాం. సగం గింజలు నెమళ్ళు తవ్వి తినేశాయి. మొలిచిన వాటికి రెండు ఆకులు రాగానే కత్తెర పురుగు పడింది. ఈ పురుగు మన దేశంలో మొదట 2018లో కర్ణాటకలో కనిపించింది. ఆ ఏడాదే తమిళనాడుకీ, ఆంధ్ర, తెలంగాణలకీ వచ్చేసింది. మొక్కజొన్న జాతి ఎక్కడుంటే అక్కడికి వస్తుంది.

ఇంట్లో తినేదే కదా, నాలుగు సాళ్ళే కదా అని ఒక సాయంత్రం మందు కొట్టాం. అప్పటికి షెడ్డులో 150 గుడ్ల పురుగు ఐదో దశలో ఉంది. గాలి లేదనుకున్నాం. రెండు రోజుల తరువాత గట్టు పక్క సాళ్ళ కొమ్మ కూడా కోసి వేశాం. మరునాడు పొద్దున చూస్తే పురుగులు తల ఊపుతున్నాయి, నోట్లోంచి పచ్చ నీళ్ళు కక్కుతున్నాయి, ఒళ్ళు కుంచించుకుపోయింది. బతికినవి కూడా సరిగా గూడు కట్టలేదు. అన్ని రోజుల కష్టం, కొన్న చాకీ, కూలీ, అన్నీ నాలుగు సాళ్ళ మొక్కజొన్న కోసం పోయాయి.

తప్పు స్వీట్ కార్న్‌ది కాదు. కత్తెర పురుగు ఒక రెక్కల పురుగు పిల్ల. మన పట్టుపురుగూ అంతే. దాన్ని చంపడానికి చేసిన మందు దీన్ని వదలదు. పైగా పట్టుపురుగు వేల ఏళ్ళుగా మనిషి చేతిలో పెరిగింది కాబట్టి బయటి పురుగుకున్న మొండితనం దీనికి లేదు. క్లోరాంట్రానిలిప్రోల్ లాంటి మందులు ఆకు మీద చాలా కొంచెం పడినా చాలు.

అప్పటి నుంచి మేము పట్టుకున్న సూత్రం ఒక్కటే. *మొక్కకు మందు అవసరమయ్యే మొదటి రెండు వారాలు దాన్ని భూమిలో ఉంచకూడదు, వల కింద ట్రేలో ఉంచాలి.* నారు దశ గట్టిగా దాటితే తరువాత చేత్తో చేసే పనులతోనే సరిపోతుంది.

*విత్తనం కొనేటప్పుడు*

ప్యాకెట్ విప్పగానే గింజ రంగు చూడండి. గులాబీ, ఎరుపు, నీలం రంగు పూసి ఉంటే దానికి మందు పట్టించారని అర్థం. కొన్నిటికి తెగులు మందు ఒక్కటే ఉంటుంది, కొన్నిటికి పురుగు మందు కూడా ఉంటుంది. ప్యాకెట్ వెనక మందు పేరు రాసి ఉంటుంది, చదవాలి. పురుగు మందు లేని విత్తనం దొరికితే అదే తీసుకోండి. దొరక్కపోతే గింజలు పెట్టే మనిషి ఆ రోజు ఆకు కొయ్యకూడదు, షెడ్డులోకి రాకూడదు. గింజ పెట్టిన చెయ్యి సబ్బుతో కడగాలి, బట్టలు మార్చాలి. ఖాళీ ప్యాకెట్ షెడ్డు దగ్గర పడెయ్యకండి.

స్వీట్ కార్న్ గింజ ముడతలు పడి ఎండిపోయినట్టు ఉంటుంది. చూసి పాత విత్తనం అనుకోవద్దు. అందులో పిండి తక్కువ, చక్కెర ఎక్కువ, అందుకే అలా ముడుచుకుంటుంది. మొలకకు కావలసిన తిండి తక్కువ కాబట్టి బలం కూడా తక్కువే. తడి ఎక్కువైతే మొలవక ముందే కుళ్ళిపోతుంది. మామూలు మొక్కజొన్నలా మోటుగా పెట్టడానికి కుదరదు. ట్రేలో పెంచమనడానికి ఇది రెండో కారణం.

*ట్రే, పొట్టు*

వెళ్ళరికి 98 గుంతల ప్రోట్రే సరిపోతుంది. స్వీట్ కార్న్ వేరు తొందరగా పెరుగుతుంది కాబట్టి 50 గుంతలది మంచిది. ట్రే లేకపోతే అడుగున చిల్లు పెట్టిన పేపర్ కప్పులు చాలు. చాకీకి వాడిన ట్రేలు, పురుగు పడక కింద వేసిన పాత పేపర్లు మాత్రం నారుకి వాడొద్దు. నారు ట్రేలు కూడా షెడ్డులోకి తేవద్దు. ఏది ఎక్కడిదో అక్కడే ఉండాలి.

పాత ట్రే అయితే బ్లీచింగ్ పౌడర్ నీళ్ళలో ముంచి, మంచి నీళ్ళతో రెండుసార్లు కడిగి ఎండలో పెట్టండి. బ్లీచింగ్ మనందరి ఇళ్ళలో ఉండేదే.

కొబ్బరి పొట్టు 650 గ్రాముల ఇటుక నానబెడితే ఇంటి అవసరానికి సరిపోతుంది. నానబెట్టాక రెండు మూడు సార్లు నీళ్ళు పోసి పిండెయ్యాలి. పొట్టులో ఉప్పు ఉంటుంది, అది పోకపోతే మొలక ఆకు అంచు మాడుతుంది. మూడు వంతుల పొట్టుకి ఒక వంతు బాగా మాగిన వానపాముల ఎరువు కలపండి.

మన దగ్గర పురుగుల పెంట ఊరికే దొరుకుతుంది కదా అని దాన్నే నేరుగా ట్రేలో వెయ్యొద్దు. పచ్చి పెంట వేడెక్కి వేరుని కాలుస్తుంది. పురుగుకి రోగం వచ్చిన పంటదైతే ఆ క్రిములు కూడా అందులో ఉంటాయి. గుంతలో వేసి పూర్తిగా మాగనిచ్చి, తరువాత కూరమడికి వేసుకోండి, చాలా మంచి ఎరువు. ఇంకో మాట. పొట్టు, ఎరువు కలిపే పని చాకీ గది దగ్గర పెట్టుకోవద్దు. తడి ఎరువులో ఉండే ఆస్పర్‌జిల్లస్ బూజు చిన్న పురుగుకి పడుతుంది.

*గింజ పెట్టడం నుంచి నాటడం దాకా*

గింజకి ట్రైకోడెర్మా విరిడి పట్టించి పెట్టండి, కిలోకి 4 గ్రాముల లెక్క. ఇంటి తోటకైతే గుప్పెడు గింజలకు చిటికెడు. నారు కుళ్ళు ఆగుతుంది. ఇది పట్టుపురుగుని పట్టే బూజు కాదు.

స్వీట్ కార్న్ అంగుళం లోతు, వెళ్ళరి అర అంగుళం లోతు. గుంతకి ఒక్కటే గింజ. కావలసిన మొక్కల కంటే పదికి రెండు ఎక్కువ పెట్టుకోండి. నీళ్ళు చల్లి, ట్రేలు ఒకదాని మీద ఒకటి పేర్చి ప్లాస్టిక్ కవర్ కప్పండి. వెచ్చగా ఉంటే వెళ్ళరి మూడు నాలుగు రోజుల్లో, స్వీట్ కార్న్ నాలుగైదు రోజుల్లో మొలుస్తుంది. రెండో రోజు నుంచి రోజూ ఎత్తి చూడండి. మొలక తల కనిపించిన ట్రేని ఆ రోజే విడదీసి వెలుతురులో పరవాలి. ఒక్క రోజు ఆలస్యమైనా చీకట్లో సాగిపోయి కాడ వాలిపోతుంది.

ట్రేలు నేల మీద కాకుండా బల్ల మీద పెట్టి, పైన వల కట్టాలి. దీనికి కొత్త వల కొనక్కర్లేదు. షెడ్డు కిటికీలకు ఊజీ ఈగ రాకుండా కట్టిన నైలాన్ వల ముక్కలు మిగిలి ఉంటాయి కదా, అవే చాలు. ఆ కన్నాల్లోంచి కత్తెర పురుగు రెక్కల పురుగు రాలేదు, వెళ్ళరి ఆకుని జల్లెడ చేసే ఎర్ర పెంకు పురుగు కూడా రాలేదు. వల అంచులు నాలుగు వైపులా బిగించాలి. ఒక మూల వదిలేస్తే కట్టనట్టే.

నీళ్ళు పొద్దున సన్నటి చిల్లుల క్యాన్‌తో పొయ్యండి. ఎండ ఎక్కువ ఉన్న రోజుల్లో మధ్యాహ్నం ఇంకోసారి. సాయంత్రం వద్దు. రాత్రంతా తడిగా ఉంటే నారు మొదలు కుళ్ళుతుంది.

స్వీట్ కార్న్ 10 నుంచి 12 రోజులకు, రెండు మూడు ఆకులుండగా నాటెయ్యాలి. ముదిరితే వేరు గుంతలో చుట్టుకుపోతుంది, తరువాత మొక్క ఎదగక ముందే జల్లు తీస్తుంది, కంకి చిన్నదవుతుంది. వెళ్ళరి 12 నుంచి 15 రోజులకు, రెండు అసలు ఆకులు వచ్చాక. మొదట వచ్చే మందపాటి రెండు బద్దలు లెక్కలోకి రావు. వెళ్ళరి వేరు తెగితే తట్టుకోలేదు, అందుకని పొట్టు ఉండతో సహా తియ్యాలి. నాటే ముందు రెండు మూడు రోజులు నీళ్ళు కొంచెం తగ్గించి, ఎండ కొంచెం ఎక్కువ చూపించండి. నాటేది సాయంత్రం.

*పురుగు పంటతో లెక్క కుదుర్చుకోవడం*

ఐదో దశలో పురుగు మొత్తం ఆకులో 80 శాతానికి పైగా తింటుంది. ఆ వారం మనకి అన్నం తినడానికే తీరదు, నారుకి నీళ్ళు ఎవరు పోస్తారు? అందుకని మేము పురుగు పండి చంద్రికలు ఎక్కిన రోజున గింజలు పెడతాం. ఏడో రోజు గూళ్ళు విప్పే సరికి నారు బాగా మొలిచి ఉంటుంది. తరువాత షెడ్డు కడిగి, మందు నీళ్ళు కొట్టే పని. ఆ రెండు మూడు రోజులు ట్రేలు షెడ్డుకి దూరంగా జరపండి, క్లోరిన్ ఆవిరికి లేత ఆకు మాడుతుంది. పన్నెండో రోజు స్వీట్ కార్న్, పద్నాలుగో రోజు వెళ్ళరి నాటేస్తాం. తరువాతి చాకీ వచ్చేటప్పటికి నారు పని ఇంట్లో ఉండదు.

కాలం సంగతికొస్తే, మా ఊళ్ళో ఐప్పసి, కార్తిగై నెలల్లో వాన ఎక్కువ, స్వీట్ కార్న్ గింజ కుళ్ళుతుంది. ఆడిపట్టం, తైపట్టం మాకు కుదురుతాయి. మీ ఊరి వానని బట్టి మీరు చూసుకోండి.

*మడిలో*

కూరమడిని మల్బరీ గట్టుకి ఆనించి వెయ్యకండి. ఆడి నెలలో ఇక్కడ కొండ వైపు నుంచి పడమటి గాలి, వానాకాలంలో ఈశాన్యం గాలి. గాలి మారుతూ ఉంటుంది కాబట్టి ఈ పక్క క్షేమం, ఆ పక్క ప్రమాదం అని చెప్పడానికి లేదు. మేము బావికి అవతల వేసి, మధ్యలో అవిసె చెట్లు వరసగా పెంచాం.

స్వీట్ కార్న్ ఒకే పొడుగు సాలుగా వెయ్యకూడదు. జల్లు నుంచి పుప్పొడి గాలికి రాలి కింద పీచు మీద పడాలి. ఒక్క సాలైతే గాలికి పక్కకి పోయి కంకిలో గింజలు సందులు సందులుగా వస్తాయి. 30 మొక్కలుంటే ఐదు సాళ్ళు, సాలుకి ఆరు. సాళ్ళ మధ్య రెండు అడుగులు. పక్క చేలో మామూలు మొక్కజొన్న ఉంటే దాని పూతకీ మన పూతకీ రెండు మూడు వారాల తేడా ఉండేలా నాటండి. ఆ పుప్పొడి పడితే మన గింజకి తీపి పోయి పిండి పడుతుంది.

నాటాక నెల రోజులు మొవ్వులో తొమ్మిది వంతుల ఇసుకకి ఒక వంతు సున్నం కలిపి చిటికెడు చొప్పున వెయ్యండి, కత్తెర పురుగు లోపల నిలవలేదు. రెండు రోజులకోసారి ఆకు తిప్పి, గుడ్ల ముద్ద కనిపిస్తే చేత్తో నలిపెయ్యాలి. 30 మొక్కలకి పది నిమిషాల పని. వెళ్ళరి మీద పొద్దున మంచు ఉండగా పొయ్యి బూడిద చల్లితే పెంకు పురుగు తగ్గుతుంది. పండు ఈగ కుట్టిన కాయలు లోతుగా పూడ్చండి. ఎర బుట్టలు పెట్టుకోవచ్చు. ఆ వాసనకి దాని జాతి మగ పురుగే వస్తుంది, పట్టుపురుగుకి సంబంధం లేదు.

*జీవ మందు అన్నా నమ్మొద్దు*

ఇది అందరూ గుర్తు పెట్టుకోవాలి. కూరగాయలకి మంచిదని చెప్పి బవేరియా, మెటారైజియం పొడులు అమ్ముతారు. మనిషికి మంచిదే కావచ్చు. కానీ మన షెడ్డులో పురుగు సున్నం ముక్కలా తెల్లగా గట్టిపడి చచ్చే సున్నకట్టు రోగానికి కారణం ఆ బవేరియానే. మెటారైజియం పచ్చ సున్నకట్టు తెస్తుంది. బీటీ మందు కూడా పట్టుపురుగుని చంపుతుంది. వేపనూనె పడిన ఆకుని పురుగు ముట్టదు, తిన్నవి సరిగా ఎదగవు. పట్టు రైతు ఇంటి ఆవరణలోకి ఇవేవీ రాకూడదు.

పక్క పొలం వాళ్ళు మందు కొట్టారని అనుమానం వస్తే ఆ ఆకు అందరికీ వెయ్యకండి. 20, 30 పురుగులకి విడిగా వేసి ఒక రోజు చూడండి. అవి బాగుంటేనే మిగతా వాటికి. పొరపాటున వేసేసి కక్కడం కనబడితే వెంటనే పడక తీసేసి, కిటికీలన్నీ తెరిచి, వేరే సాళ్ళ మంచి ఆకు వెయ్యండి. అన్నీ కాకపోయినా కొన్ని నిలబడతాయి.

స్వీట్ కార్న్ పీచు గోధుమ రంగుకి తిరిగాక గింజని గోటితో నొక్కితే పాలు రావాలి, అప్పుడు కొయ్యాలి. వెళ్ళరి లేతగా ఉండగానే కోస్తూ ఉంటే తీగ ఇంకా కాస్తుంది. ఇప్పుడు మా ఇంట్లో గూళ్ళు విప్పే రోజున పనికి వచ్చిన వాళ్ళందరికీ ఉడకబెట్టిన కంకులు పెడుతున్నాం. షెడ్డులో పురుగూ బాగుంది.

మీ దగ్గర వేరే పద్ధతి ఏదన్నా పనికొచ్చి ఉంటే గ్రూపులో చెప్పండి, మేమూ నేర్చుకుంటాం. అందరి పంటా బాగా రావాలి.