ఎండల ఊళ్ళో ఊలు బట్టలు

అరిజోనాలోని చాండ్లర్‌లో ఉంటూ ఊలు బట్టల గురించి రాయడమేమిటని మీకనిపించవచ్చు. 2023 వేసవిలో పక్కనున్న ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు పగటి ఎండ 110 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి, అంటే దాదాపు 43 సెల్సియస్‌కి తగ్గలేదు. కానీ డిసెంబరు వచ్చిందంటే తెల్లవారుజామున స్వెట్టర్ లేకుండా వాకిట్లోకి రాలేం. సెలవు దొరికితే చాలు, పిల్లలకి మంచు చూపించాలని అందరూ ఫ్లాగ్‌స్టాఫ్ బయల్దేరతారు. అది సుమారు 7,000 అడుగుల ఎత్తున ఉంది. అలా ప్రతి తెలుగింట్లోనూ స్వెట్టర్లు, శాలువాలు, మంకీ క్యాపులు పోగవుతాయి. వేసుకునేది రెండు మూడు నెలలు, మిగతా ఏడాదంతా దాచడమే. వేసుకున్నందువల్ల పాడయ్యేవి తక్కువ. ఉతకడంలోనూ దాచడంలోనూ పాడయ్యేవే ఎక్కువ.

నేను ఏలూరులో కెమిస్ట్రీ చెప్పినదాన్ని. తివాచీల ఊరు కాబట్టి ఊలంటే నాకు చిన్నప్పటినుంచీ ఇష్టం. ఇప్పుడు ఇక్కడ మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మొన్న మా వీధిలో ఒకమ్మాయి తన స్వెట్టర్ పట్టుకొచ్చింది. మూడేళ్ళ పిల్లాడికి సరిపోయేంతయింది. "చన్నీళ్ళలోనే వేశానాంటీ" అంది. "మరి ఆరబెట్టడం?" అన్నాను. డ్రయర్‌లో వేసిందట.

అసలైన ఊలు మన జుట్టులాగే కెరటిన్ అనే ప్రోటీన్. సూక్ష్మదర్శినిలో చూస్తే ఒక్కో పోగు మీదా చేప పొలుసుల్లాంటి పొరలుంటాయి. తడి, వేడి, రాపిడి మూడూ కలిశాయంటే ఆ పొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుని ఇక వదలవు. బట్ట ముడుచుకుని అట్ట కట్టిపోతుంది. మళ్ళీ మామూలుగా చేసే ఉపాయం లేదు.

అక్రిలిక్ సంగతి వేరు. పెట్రోలియం నుంచి తయారుచేసే ఈ పోగుని డ్యూపాంట్ కంపెనీ 1950లో ఆర్లాన్ పేరుతో బజారుకి తెచ్చింది. దీనికి పొలుసులు లేవు, అందుకే అట్ట కట్టదు. భయమంతా వేడితోనే. తడిగా ఉన్నప్పుడు వేడి తగిలితే మెత్తబడి సాగుతుంది, చల్లారాక అలాగే ఉండిపోతుంది. ఆవిరి ఇస్త్రీ పెట్టారా, అల్లికలో బిగువు పోయి జారిపోతుంది.

కాబట్టి ముందు లేబుల్ చదవండి. లేబుల్ లేని చేతి అల్లికైతే లోపలి కుట్టు దగ్గర చిన్న పోగు తెంపి, పట్టకారుతో పట్టుకుని, ఆరుబయట అంటించి చూడండి. ఊలయితే జుట్టు కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ళ మధ్య నలిగిపోతుంది. అక్రిలిక్ అయితే కరిగి, చల్లారాక నల్లటి గట్టి పూసలా మిగులుతుంది.

ఊలు స్వెట్టర్‌ని తడిపే ముందు, కిరాణా కాగితం సంచి విప్పి, దాని మీద పరిచి పెన్సిల్‌తో చుట్టూ గీత గీసుకుంటాను. తొట్టిలో గోరువెచ్చని నీళ్ళు పోస్తాను, చెయ్యి పెడితే వేడీ చల్లదనం తెలియనంత. మామూలు డిటర్జెంట్ వద్దు. సీసా వెనక సబ్టిలిసిన్ అని ఉంటే అది ప్రోటీన్‌ని అరిగించే ఎంజైము. పప్పు మరకని వదిలించడంతో ఆగదు, ఊలునీ కొరుకుతుంది. నేను కుంకుడు రసమే వాడతాను. తెల్లవాటికి మాత్రం వాడను, ఛాయ మారుతుంది. మా కొళాయిల్లో వచ్చేది కొలరాడో, సాల్ట్ నదుల కఠినజలం. సబ్బు వేస్తే కాల్షియంతో కలిసి తెల్లటి మడ్డి పోగులకి పట్టుకుంటుంది. కుంకుళ్ళతో ఆ బాధ లేదు. ఈ రాష్ట్రం ఉత్తరాన ఉండే నవాహో నేతగాళ్ళు తరతరాలుగా యుక్కా మొక్క వేరు నురగతో ఊలు కడుగుతున్నారు. ఆ వేరులోనూ మన కుంకుడులోనూ నురగనిచ్చేవి సాపోనిన్లే. ఆ సంగతి తెలిసిన రోజు నాకెంత సంతోషం వేసిందో!

పది నిమిషాలు నానాక రుద్దకుండా, అరచేతుల మధ్య నొక్కుతూ మురికి వదిలించాలి. ఎత్తేటప్పుడు రెండు చేతులూ కింద పెట్టి ఎత్తాలి, తడి బరువుకి సాగిపోకుండా. అంతే వెచ్చని నీళ్ళలో జాడించి, చివరి నీళ్ళలో చెంచాడు వెనిగర్ వేస్తే మృదువుగా ఉంటుంది. పిండకూడదు. పాత తువ్వాలులో చుట్టి నొక్కాలి. తర్వాత ఆ కాగితం గీతకి సరిపోయేలా సర్ది, ఆరిన తువ్వాలు మీద నీడపట్టున పరిస్తే ఈ పొడిగాలికి ఇట్టే ఆరిపోతుంది.

అక్రిలిక్‌ని లోపలివైపు పైకి తిప్పి, వల సంచిలో పెట్టి, చన్నీళ్ళలో మెషిన్‌లోనే వేయొచ్చు. అదీ మరీ తరచుగా వద్దు. ఇంగ్లండ్‌లోని ప్లిమత్ యూనివర్సిటీ వాళ్ళు 2016లో లెక్కగట్టారు: 6 కిలోల అక్రిలిక్ బట్టలు ఒకసారి ఉతికితే 7 లక్షలకు పైగా ప్లాస్టిక్ నూగు పోగులు నీళ్ళలో కలుస్తాయట. చెమట పట్టకపోతే గాలికి ఆరేసి మడతపెట్టుకోవడమే మేలు.

దాచేటప్పుడు ఊలుకే కాపలా కావాలి. చిమ్మట పిల్లపురుగులు తినేది కెరటిన్‌ని. చెమట, తిండి మరకలుంటే మరీ ఇష్టం. అందుకే ఉతక్కుండా దాచనే కూడదు. అనుమానం ఉంటే గట్టిగా మూసిన సంచిలో పెట్టి వారం రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచండి. కలరా ఉండలు బిగుతైన డబ్బాలో వేస్తేనే పనిచేస్తాయి. అల్మరాలో విడిగా వేస్తే ఆ ఆవిరి పీల్చేది పిల్లలే. మే నుంచి కొలిమిలా ఉండే గరాజ్‌లో బట్టల పెట్టెలు పెట్టకండి.

ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలకి స్వెట్టర్ కొనే పిల్లలకి ఒక మాట. అక్కడ ఉతికేది పనిమనిషో మెషినో అయితే అక్రిలిక్‌ది కొనండి. అమ్మే చేత్తో ఉతుక్కుంటానంటే మంచి ఊలుది కొని, పై పద్ధతంతా ఫోన్‌లో నిదానంగా చెప్పండి.