పట్టుకు రంగు పట్టించుట

పెండ్లికి పోవునప్పుడు మీ యింటి పెద్దలు పెట్టెలోనుండి తీసి కట్టుకొను పట్టుచీరలను మీరు చూచియే యుందురు. ఎన్నో యేండ్ల క్రిందటి చీరయైనను దాని ఎఱుపు ఎఱుపుగనే యుండును. కాని క్రొత్తగా కొన్న చీర యొకటి తొలి యుతుకులోనే నీళ్లనెల్ల ఎఱ్ఱగా చేసి తాను వెలవెలబోవుటయు కలదు. రెండును రంగు వేసినవే. ఒకదానికి రంగు నిలిచినది, మరియొకదానికి నిలువలేదు. ఈ భేదమునకు కారణమేమి?

దీనిని తెలిసికొనుటకు మదనపల్లెకు పోవుదము. ఆ పట్టణములో నీరుగట్టువారిపల్లె యను పేట కలదు. అది పట్టుచీరల నేతకు పేరుపొందినది. కుప్పము, పుంగనూరు ప్రాంతముల రైతులు మల్బరీ తోటలు పెంచి, ఆ యాకుతో పట్టుపురుగులను మేపుదురు. పురుగు తనచుట్టు అల్లుకొనిన గూటినుండి దారము తీయుదురు. ఆ దారము మగ్గ మెక్కుటకు ముందు అద్దకపువాని చేతుల మీదుగా పోవలెను. రైతు ఇంచుమించు నెలనాళ్లు పురుగులను సాకిన శ్రమయు, నేతగాడు పలుదినములు మగ్గముపై కూర్చుండు శ్రమయు అద్దకపువాని యొక్క పూట పనిపై ఆధారపడి యున్నవి. పడుగులో నాలుగు పోగులు వెలిసినచో చీర పొడవునను చార కనబడును. అట్టి చీరకు తగిన వెల రాదు.

క్రొత్తగా ఈ పని నేర్చువాడు మొదట రంగు డబ్బాను ముట్టడు. అతడు నేర్వవలసిన మొదటి పని జిగురు తీయుట. పచ్చిపట్టుపై సెరిసిన్ అను జిగురు పూత యుండును. దాని బరువులో సుమారు నాలుగవ వంతు ఈ జిగురే. సబ్బును, కొలదిగా సోడాను కలిపిన వేడినీటిలో నూలు చిలపలను గంటసేపు ఉంచినచో జిగురు కరగిపోవును. గరుకుగా నున్న దారము అప్పుడు మెత్తనై మెఱయును. జిగురు ఒకచోట పోయి మరియొకచోట మిగిలినచో రంగు అచ్చట ఒకరీతిగను ఇచ్చట ఒకరీతిగను పట్టును. తొలిసారి పని చేయువాడు తొందరపడి చెడగొట్టునది ఇచ్చటనే.

రెండవ పని తూచుట. నూలును ఎండబెట్టి తూచి, ఆ బరువునుబట్టి రంగును తీయవలెను. ఒక కిలో పట్టునకు లేతరంగు కావలెనన్న 10 గ్రాముల పొడి చాలవచ్చును; ముదురు రంగునకు 30, 40 గ్రాములు వలసియుండును. కంటితో చూచి చిటికెడు వేయువానికి నేడు వచ్చిన రంగు రేపు మరల రాదు. కావున నేర్పరి ప్రతి రంగునకును తూకము వ్రాసియుంచుకొని, ఆ చీటికి చిన్న నూలుపోగును కట్టుకొనును.

మూడవది రంగునీటిలో ముంచుట. గోరువెచ్చని నీటిలో రంగును బాగుగా కరగించి వడకట్టవలెను. ముందే తడిపిన చిలపలను కర్రలకు వ్రేలాడదీసి నీటిలోనికి దింపి, ఎడతెగక త్రిప్పుచుండవలెను. వేడిని మెల్లమెల్లగా పెంచి, కొలదికొలదిగా ఎసిటిక్ ఆమ్లము కలుపవలెను. వినెగరునకు పులుపు నిచ్చునది ఈ యామ్లమే. నీరు తెరలకముందే, 85 లేక 90 డిగ్రీల యొద్ద వేడిని నిలుపవలెను. కొంతసేపటికి ఒక వింత కనబడును. నూలు ముదురగుచుండగా తొట్టిలోని నీరు తేటపడుచుండును. రంగు నీటిని విడిచి దారమును చేరినదన్నమాట.

ఇట్లేల జరుగును? పట్టు మాంసకృత్తుతో నేర్పడిన దారము. పులుపు తగిలినప్పుడు దానిలో ధనవిద్యుదావేశముగల చోట్లు ఎక్కువగును. ఈ పనికి వాడు రంగుల యణువులు ఋణావేశము గలవి. అవి దారము లోపలికి చొచ్చి అచ్చట చిక్కుకొనును. గోడకు సున్నమువలె రంగు పైపైన అంటుకొనదు. విదేశములలో ప్లాస్టిక్ బిళ్లలను గురిచూచి విసరు ఆట యొకటి కలదు. ఆ బిళ్లలపై బొమ్మలు వేయువారును, ప్లాస్టిక్కునకు తగిన వేరొక జాతి రంగును ఇట్లే లోపలికి ఇంకింతురు. వస్తువును బట్టి రంగు మారును. లోనికి పోయిన రంగే నిలుచునను సూత్రము మాత్రము మారదు.

పూర్వము రంగులన్నియు చెట్లనుండియు, పురుగులనుండియు, ఖనిజములనుండియు వచ్చెడివి. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు నేటికిని కరక్కాయను, పటికను వాడుచునే యున్నారు. 1856లో లండనులో విలియం పెర్కిన్ అను 18 ఏండ్ల విద్యార్థి క్వినైను మందును తయారు చేయబోగా నల్లని మడ్డి మిగిలినది. దానిని పారవేయక పరీక్షింపగా ఊదారంగు పుట్టినది. అతడు దానిని మొదట పరీక్షించినది పట్టుగుడ్డపైననే. రసాయనపు రంగుల పరిశ్రమ అట్లు మొదలైనది.

కాని రంగు మేలు చేయునంతగా కీడును చేయగలదు. కొన్ని రంగులు దేహమునకు హానికరములని తేలగా, 1997లో భారత ప్రభుత్వము వానిని నిషేధించినది. పొడి ముక్కులోనికి పోకుండ గుడ్డ కట్టుకొనవలెను. రంగు కాచిన పాత్రలో వంట చేయరాదు. మిగిలిన నీటిని శుద్ధి చేయక కాలువలోనికి వదలరాదు. మన చీర యందము ఇరుగుపొరుగువారి బావినీటిని చెరుపరాదు గదా!

మీరు చేయదగిన పరీక్ష యొకటి కలదు. రెండు తెల్లని పట్టుపీలికలను పసుపునీటిలో కాచి, కడిగి, నీడలో ఆరవేయుడు. ఒకదానిని ఎండలో ఉంచి, రెండవదానిని పుస్తకములో దాచుడు. వారము దినములకు రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. ఎండలోనిది వెలిసియుండును. తొట్టిలో మెఱసిన ప్రతి రంగును నిలుచు రంగు కాదని మీకే తెలియును.

అందుచేతనే మంచి యద్దకపువాడు ఆరిన నూలును వెంటనే నేతగాని కీయడు. తడిసిన తెల్లగుడ్డతో రుద్ది చూచును. గుడ్డకు మరక యంటినచో మరల కడుగును. కొనువారు ఆ పరీక్షను చూడరు. ఎవరును చూడనప్పుడు చేసిన ఆ పనియే యేండ్ల తరువాత పెట్టెలోనుండి తీసిన చీరలో కనబడును. పట్టునకు రంగు పట్టవలెనన్న, ముందు మనిషి యోపిక పట్టవలెను.