బుడగ వేరు, అండం వేరు

సూరత్‌లోని లింబాయత్‌లో తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు చాలా ఉన్నాయి. నెలసరి సరిగా రావడం లేదని ఆడపిల్లను స్కానింగుకు తీసుకెళితే, అక్కడైనా కరీంనగర్‌లోనైనా ఇంటికొచ్చే మాట ఒక్కటే: "అండాశయంలో నీటి బుడగలట." దాంతో తల్లికి పెళ్లి బెంగ పట్టుకుంటుంది. నిజానికి వాటిలో చాలావరకు గడ్డలు కావు, సగంలో ఎదుగుదల ఆగిన పుటికలు, అంటే అండాన్ని పెంచే చిన్న సంచులు.

రంగులద్దిన అండాశయపు పలచని పొరను సూక్ష్మదర్శిని కింద పెడితే చూడాల్సిందంతా అంచునే ఉంటుంది. నడిమి భాగం ఎక్కువగా రక్తనాళాలే. అంచున నిద్రపోతున్న పుటికలు కనిపిస్తాయి: ఒక్కో అండకణం, దాన్ని అంటిపెట్టుకుని చదునైన కణాల ఒంటి వరుస. పుటిక మేలుకుందంటే ఆ చదును కణాలు ఇటుకల్లా లేచి నిలబడతాయి, వరుస మీద వరుసగా పేరుకుంటాయి. అండం చుట్టూ జోనా పెల్లూసిడా అనే గులాబిరంగు పట్టీ ఏర్పడుతుంది. తర్వాత కణాల మధ్య అక్కడక్కడా నీరు ఊరి, ఆ మడుగులన్నీ ఒక్కటవుతాయి. అండం ఓ పక్కకు జరిగి చిన్న దిబ్బ మీద కూర్చుంటుంది. పండిన పుటిక రేగుపండంత, సుమారు 2 సెంటీమీటర్లు. అందులోని అండమో, 0.12 మిల్లీమీటర్లు!

ఈ తేడా దగ్గరే శాస్త్రం కూడా తడబడింది. 1672లో, డచ్చివాళ్లు సూరత్ బట్టల వ్యాపారంలో మునిగి ఉన్న రోజుల్లో, డెల్ఫ్ట్ నగరంలోని వైద్యుడు రెనియర్ ద గ్రాఫ్ ఈ బుడగల్ని వర్ణించి, అవే గుడ్లనుకున్నాడు. కుందేళ్ల గర్భనాళాల్లో దొరికినవి వాటికన్నా బాగా చిన్నవిగా ఉండటం ఆయనా గమనించాడు. మరుసటి ఏడాది అదే ఊరి బట్టల వర్తకుడు లీవెన్‌హుక్‌ను, ఆయన సూక్ష్మదర్శిని కటకాలను లండన్ రాయల్ సొసైటీకి పరిచయం చేసిందీ ద గ్రాఫే. అయినా అసలు అండం 1827 దాకా చిక్కలేదు. ఆ ఏడాది ఫాన్ బేయర్ అనే శాస్త్రవేత్త ఒక కుక్క పుటికను విప్పి, పసుపు రవ్వంత అండాన్ని చూశాడు. పాపం, అది ఆయన సహోద్యోగి ఇంటి పెంపుడు కుక్క.

మరి పుటికలు సగంలో ఎందుకు ఆగిపోతాయి? తల్లి కడుపులో అయిదో నెలకు ఆడశిశువులో అండాలయ్యే బీజకణాలు 60-70 లక్షలుంటాయి. పుట్టేసరికి 10-20 లక్షలే. జీవితం మొత్తమ్మీద విడుదలయ్యే అండాలు 400-500. నెలనెలా కొన్ని పుటికలు కలిసి పెరుగుతాయి. వాటిని పెంచే ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్ తగ్గేసరికి సాధారణంగా ఒక్కటే నిలిచి మిగతావి హరించుకుపోతాయి. నెలసరి తప్పే పీసీఓఎస్ అనే సమస్యలో ఆ ఒక్కటి తేలదు. అన్నీ 10 మిల్లీమీటర్ల లోపే ఆగి, స్కానింగులో ముత్యాల పేరులా కనిపిస్తాయి.

ఎదిగే వయసు పిల్లల్లో ఇన్ని పుటికలు కనిపించడం మామూలే. అందుకే రజస్వల అయి 8 ఏళ్లు నిండని అమ్మాయిలకు స్కానింగును బట్టి పీసీఓఎస్ నిర్ధారించొద్దని 2023 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. పన్నెండేళ్లకు పెద్దమనిషైన పిల్లకు ఇరవై వచ్చేదాకా నెలసరి తీరు, అవాంఛిత రోమాలు, రక్తపరీక్షలో మగ హార్మోన్ల స్థాయి చూడాలి, బుడగల లెక్క కాదు.