రక్షించిన పంది ఎవరిది?

మున్సిపాలిటీ వాళ్లు పట్టుకుపోతే దాన్ని ‘పందుల బెడద నివారణ’ అంటారు. జంతు ప్రేమికులు పట్టుకుపోతే ‘రక్షణ’ అంటారు. ఎవరు పట్టుకుపోయినా ఖాళీ అయ్యేది ఒకరి పెరడే. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, ఉదయగిరి, ఆత్మకూరు వైపు ఆ పెరడు ఎక్కువగా ఎరుకలవాళ్లది.

రక్షించిన పందులను షెల్టర్ల నుంచి దత్తత తీసుకోవాలనే ఆలోచన మంచిదే. కానీ అది ఎక్కడ పుట్టిందో, మన దగ్గర ఎవరిమీద పడుతుందో తెలుసుకునే ముందుకు వెళ్లాలి.

దత్తత అంటే ఏమిటి?

1986లో అమెరికాలో మొదలైన ఫామ్ శాంక్చురీ లాంటి సంస్థలు ఈ పద్ధతికి ప్రచారం తెచ్చాయి. అక్కడి ప్రధాన సమస్య కంపెనీల షెడ్లు. సూడి పందులను ఒళ్లు తిప్పుకునే చోటు కూడా లేని ఇనుప బోనుల్లో ఉంచుతారు. దత్తత రెండు రకాలు. ఒకటి, పందిని శాంక్చురీలోనే ఉంచి దాని పోషణకు నెలనెలా డబ్బు పంపడం. రెండోది, ఇంటికి తెచ్చుకోవడం. అప్పుడు దాన్ని కోయబోమని, అమ్మబోమని, ఈతలకు వాడబోమని రాసివ్వాలి. మాంసం కోసం ఆరు నెలలకే కోసే సీమపంది, బతకనిస్తే పదిహేనేళ్ల దాకా బతుకుతుంది. రెండు వందల కిలోలు దాటుతుంది. స్థలం, మేత, వైద్యం ఖర్చు భరించగలిగినవాళ్లకే ఇది సాధ్యం.

మన ఊళ్లలో పంది వెనుక కంపెనీ ఉండదు. హోటళ్ల ఎంగిలి, కుడితి మోసుకొచ్చి మేపే ఒక ఆడమనిషి ఉంటుంది. బిడ్డ ఫీజుకో, ఆస్పత్రి ఖర్చుకో ఒకదాన్ని అమ్ముతుంది. భూమి లేని ఆ ఇంటికి అదే పొదుపు.

చట్టం ఏం చెబుతుంది?

జంతు హింస నివారణ చట్టం 1960లో వచ్చింది. నొప్పి కలిగేలా కాళ్లు కట్టి మోసుకెళ్లడం సెక్షన్ 11 కింద నేరం. ఇది పెంపకందారుకూ, పందులు పట్టే కాంట్రాక్టరుకూ ఒకటే. అయితే సెక్షన్ 29 ప్రకారం యజమాని దోషిగా తేలాకే కోర్టు జంతువుపై హక్కు తీసేయగలదు.

2017లో కేంద్రం తెచ్చిన నియమాలు దీన్ని తలకిందులు చేశాయి. కేసు నడుస్తుండగానే జంతువును షెల్టరుకు అప్పగించవచ్చు. పోషణ ఖర్చుకు యజమాని బాండు రాసివ్వకపోతే అది షెల్టరుదే అయిపోతుంది. ఈ నియమాలు అసలు చట్టానికే విరుద్ధంగా ఉన్నాయని, తొలగించాలని లేదా సవరించాలని 2021 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. కోర్టుకు వెళ్లింది గేదెల వ్యాపారుల సంఘం. నాలుగు పందులున్న ఎరుకల కుటుంబం ఢిల్లీ దాకా ఎలా వెళ్తుంది?

ఒకరి పందికి విషం పెట్టి చంపితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 325 కింద ఐదేళ్ల దాకా శిక్ష పడవచ్చు. పట్టుకునేటప్పుడు నలుగురిలో కులం పేరుతో తిడితే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తిస్తుంది. ఎరుకలు ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీలు.

పాత అనుమానం

బ్రిటిష్ పాలనలో ఎరుకలను నేరస్థ జాతిగా ముద్ర వేశారు. ఇదే జిల్లాలోని కావలిలో సెటిల్‌మెంటు పెట్టి కుటుంబాలను నిర్బంధించారు. ఆ చట్టం 1952లో రద్దయింది. విచారణకు ముందే వాళ్లనే తప్పుపట్టే అలవాటు మాత్రం పోలేదు.

అంటే పంది బాధ చూడొద్దని కాదు. మురుగు కాలువల్లో తిరిగే పందికీ, దాన్ని మేపే మనిషికీ ఇద్దరికీ రోగాలే. ఊరి బయట స్థలం, నీళ్లు, కొట్టం, స్వైన్ ఫీవర్ టీకా కావాలి. జాతీయ పశుసంపద మిషన్‌లో పందుల యూనిట్‌కు 50 శాతం సబ్సిడీ ఉంది. కానీ చిన్న యూనిట్ అంటేనే 50 ఆడ పందులు, 5 మగ పందులు. భూమి, బ్యాంకు రుణం లేనివాళ్లు ఆ గడప తొక్కలేరు.

కాబట్టి దత్తతకు ముందు షెల్టరును అడగండి. ఈ పంది ఎక్కడిది? కేసు ఉందా, పంచనామా రాశారా? యజమానికి నోటీసు ఇచ్చారా? తీర్పు వచ్చిందా? జవాబు లేకపోతే తీసుకోకండి. ఆ ఇంటికి వెళ్లండి, పందిని విడిపించుకునే పిటిషన్ రాయడానికి సాయం చేయండి. కంపెనీ షెడ్డు నుంచి వచ్చిన పంది అయితే సంతోషంగా తెచ్చుకోండి.